ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్‌కు సీసపు బులెట్లు, ఇత్తడి కేసులు ఎంచుకునే విధానం

అమెరికా సైన్యం 1873లో చేపట్టిన ట్రాప్‌డోర్ స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిల్ .45-70 తూటాను కాలుస్తుంది. ఆ పేరులో 45 అనేది అంగుళంలో నూరో వంతుల లెక్కన గొట్టం వ్యాసాన్నీ, 70 అనేది మొదట్లో తూటాలో నింపిన బ్లాక్ పౌడర్‌ను (పాతకాలపు తుపాకి మందును) గ్రెయిన్లనే చిన్న తూకపు కొలతలోనూ సూచిస్తాయి. బ్లాక్ పౌడర్‌ను మాటకు మాట తెలుగు చేస్తే నల్లమందు అవుతుంది గాని, అది గసగసాల కాయల నుంచి తీసే వేరే సరుకు కనుక ఇంగ్లీషు పేరునే ఉంచుతున్నాను. అదే .45-70 పేరుతో నేటి బలమైన రైఫిళ్ల కోసం స్మోక్‌లెస్ పౌడర్ (దాదాపు పొగ రాని నేటి తుపాకి మందు) నింపిన తూటాలు కూడా దుకాణాల్లో దొరుకుతాయి. వాటిలో కొన్ని ఈ పాత రైఫిల్‌ను పగలగొట్టేంత ఒత్తిడిని పుట్టిస్తాయి కాబట్టి పెట్టె మీది పేరు చూసి ఏదీ కొనకూడదు. నా మట్టుకు నేను నా రైఫిల్‌లో బ్లాక్ పౌడర్ తప్ప మరేదీ వాడను, అందుకే బులెట్లు, కేసులు (పౌడర్‌ను, బులెట్‌ను పట్టి ఉంచే లోహపు గుల్లలు) విడిగా కొని తూటాలను నేనే తయారుచేసుకుంటాను.

ఏదైనా కొనేముందు రైఫిల్‌ను పాత తుపాకులు తెలిసిన మరమ్మతుదారుకు చూపించి, బ్రీచ్ మూత (గొట్టం వెనుక భాగాన్ని మూసేది) గట్టిగా పడుతోందో లేదో, ఫైరింగ్ పిన్ (తూటాను తట్టి పేల్చే సూది) సరిగ్గా ఉందో లేదో పరీక్ష చేయించుకోవాలి. అమెరికా సమాఖ్య చట్టం 1898లో గాని అంతకుముందు గాని తయారైన తుపాకులను పురాతన వస్తువులుగా చూస్తుంది, కాని రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండవచ్చు. భారతదేశంలో అయితే లైసెన్సు విషయం తేల్చుకోకుండా తూటాల ఆలోచనే పెట్టుకోరాదు.

తరువాతి పని గొట్టం కొలవడం. రైఫిల్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గొట్టం లోపల పలుచగా నూనె పూసి, గొట్టం కన్నా కాస్త లావుగా ఉన్న స్వచ్ఛమైన సీసపు ముక్కను ఒక చివర నుంచి మరో చివరకు నెమ్మదిగా నెట్టాలి. బయటికి వచ్చిన ముక్క మీద గొట్టం లోపల బులెట్‌ను తిప్పడానికి చెక్కిన మెలికల గాళ్ల అచ్చు పడుతుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఈ రైఫిల్‌లో మూడే గాళ్లు ఉంటాయి, ఒక గాడికి ఎదురుగా మరో గాడి కాక గట్టు (గాళ్ల మధ్య మిగిలిన ఎత్తు భాగం) వస్తుంది. అందువల్ల మామూలు కాలిపర్‌తో కొలిస్తే గాడి నుంచి గాడికి ఉన్న అసలు వ్యాసం తెలియదు, అంతకన్నా తక్కువ కొలతే వస్తుంది. మూడు గాళ్లకు పనికివచ్చే 60 డిగ్రీల వి ఆకారపు ఆన్విల్ (కొలిచే ముక్కను ఆనించే భాగం) ఉన్న మైక్రోమీటర్ అవసరం. అది మీ దగ్గర లేకపోతే యంత్ర భాగాలు చేసే వర్క్‌షాపులో కొలిపించుకోవచ్చు. ఈ రైఫిళ్లకు గట్ల మధ్య 0.450 అంగుళం, గాడి లోతు 0.005 అంగుళం అని నిర్దేశించారు కనుక గాడి వ్యాసం 0.460 కావాలి, కాని ఒక్కో గొట్టం ఒక్కో తీరుగా ఉంటుంది. నా గొట్టం 0.461 వచ్చింది. దుకాణాల్లో సాధారణంగా దొరికే బులెట్ 0.458 మాత్రమే.

ఆ తేడాను పూడ్చేది సీసపు మెత్తదనమే. బ్లాక్ పౌడర్ ఒక్కసారిగా అంటుకుని బులెట్ అడుగును బలంగా తన్నడంతో, మెత్తని బులెట్ కాస్త పొట్టిదై లావెక్కి గాళ్లను నింపుతుంది. ఆంటిమొని కలిపి గట్టిపరచిన బులెట్ అలా ఉబ్బదు. దాని పక్కల నుంచి వేడి వాయువు దూసుకుపోయి సీసాన్ని కరిగించి గొట్టానికి పట్టిస్తుంది. స్వచ్ఛమైన సీసం బ్రినెల్ కాఠిన్యం (లోహం ఎంత గట్టిదో చెప్పే సంఖ్య) సుమారు 5, ఇరవై పాళ్ల సీసానికి ఒక పాలు తగరం కలిపితే సుమారు 10. గట్టివని చెప్పి అమ్మే బులెట్లు 15కు పైనే ఉంటాయి. నేను 20:1 మిశ్రమమే ఎంచుకుంటాను. బులెట్ వ్యాసం గాడి వ్యాసంతో సమానంగా గాని, 0.001 అంగుళం ఎక్కువగా గాని ఉండాలి. అంత లావు బులెట్ దొరకనప్పుడు అడుగు బోలుగా ఉన్న 405 గ్రెయిన్ల రకం వాడితే ఆ అడుగు అంచు తేలికగా విచ్చుకుని గాళ్లను పట్టుకుంటుంది.

బరువు విషయానికి వస్తే, సైన్యం మొదట 405 గ్రెయిన్ల బులెట్‌నూ, తరువాత 1880లలో దూరపు గురి కోసం 500 గ్రెయిన్ల బులెట్‌నూ వాడింది. 22 అంగుళాలకు ఒక చుట్టు తిరిగే గాళ్లు రెండింటినీ నిలకడగా తిప్పుతాయి. భుజానికి అలవాటు పడేదాకా 405తో మొదలుపెట్టడమే మంచిదని నా అభిప్రాయం. కార్బైన్‌కు, అంటే ఈ రైఫిల్ పొట్టి రకానికి, సైన్యమే 55 గ్రెయిన్ల పౌడర్‌తో తేలిక తూటా ఇచ్చిందంటే 500 గ్రెయిన్ల బులెట్ ఆ పొట్టి తుపాకీలో ఎలా తన్నుతుందో ఊహించుకోవచ్చు. ఏ బరువైనా బులెట్ మీది మైనపు గాళ్లు వెడల్పుగా, లోతుగా ఉండాలి. సన్నని గాడిలో గట్టి రంగు మైనం పూసినవి స్మోక్‌లెస్ పౌడర్ కోసం చేసినవి. బ్లాక్ పౌడర్ మసిని మెత్తగా ఉంచడానికి తేనెమైనం, పశువుల కొవ్వు కలిపిన లేపనం కావాలి. కొన్ని గుళ్లు కాల్చాక గొట్టం మూతి చుట్టూ తడి నక్షత్రంలా మైనం కనిపిస్తే అది చాలినంత ఉన్నట్టు.

కేసుల సంగతి బులెట్‌తో ముడిపడి ఉంది. మొదటి తూటాల కేసులు రాగివి. రాగి ఉబ్బితే ఇత్తడిలా వెనక్కి ముడుచుకోదు కనుక ఛాంబర్‌లో (గొట్టం వెనుక తూటా కూర్చునే చోట) ఇరుక్కునేది, 1876లో లిటిల్ బిగ్‌హార్న్ పోరు తరువాత ఆ ఫిర్యాదులు బాగా వినబడ్డాయి. అలాంటి పాత తూటాలు దొరికితే అద్దాల బీరువాలో పెట్టుకోవాలి, కాల్చకూడదు. కొత్త ఇత్తడి కేసులు అడుగున మందంగా ఉండడం వల్ల 70 గ్రెయిన్లు పట్టడం కష్టం, కొంత తగ్గించుకోక తప్పదు. అయితే పౌడర్‌కూ బులెట్‌కూ మధ్య ఖాళీ మాత్రం ఎన్నడూ మిగలకూడదు. గోడ మందం తయారీదారును బట్టి మారుతుంది. 0.461 బులెట్‌ను మందపు గోడ కేసులో కూర్చోబెడితే మెడ ఉబ్బి తూటా ఛాంబర్‌లోకి దిగకపోవచ్చు. కాబట్టి ఒకే తయారీకి చెందిన కేసులు ముందు పది మాత్రమే కొని, పౌడర్, ప్రైమర్ (పౌడర్‌ను అంటించే చిన్న టోపీ) లేని ఉత్త తూటా ఒకటి చేసి, వేలితో నెడితే సులువుగా దిగుతోందో లేదో చూడాలి.

నేను మొదట్లో ఈ పరీక్ష చేశాను, తూటా చక్కగా దిగింది, అయినా కాగితం మీద గుళ్లు అడ్డంగా పడి తాళపుచెవి రంధ్రాల్లాంటి గుర్తులు వచ్చాయి. ఒక తూటా నుంచి బులెట్ పీకి కొలిస్తే 0.461 కాస్తా 0.457 అయి కూర్చుంది. తూటాలు చేసే నా డై (కేసును సరైన ఆకారానికి తెచ్చే అచ్చు) లోని ఎక్స్‌పాండర్, అంటే కేసు మెడను వెడల్పు చేసే భాగం, నేటి గట్టి బులెట్లకు తగ్గట్టు సన్నగా ఉండడంతో కేసు మెడ బిగుతుగా మిగిలి, మెత్తని సీసాన్ని పిండేసింది. లావు ఎక్స్‌పాండర్ పెట్టించాక అదే బులెట్ గుండ్రని రంధ్రాలు చేసింది. కేసులు కొన్నప్పుడే ఆ భాగం కూడా కొనుక్కుంటే ఒక నెల మిగులుతుంది.

కాల్చిన కేసులను ఆ రోజే కడగాలి, లేకపోతే బ్లాక్ పౌడర్ లవణాలు ఇత్తడిని తినేస్తాయి. నేను రేంజికి వెళ్లేటప్పుడు సబ్బు నీళ్లు పోసిన మూత జాడీ ఒకటి కారులో పెట్టుకుని, కాల్చిన కేసును కాల్చినట్టే అందులో వేస్తాను.