లైనింగ్ పల్చగా ఉందన్నారా? స్టెమ్ సెల్స్‌కి డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

పోయిన వేసవిలో మా చిన్నమ్మ కూతురు తిరుపతిలో ఒక ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడుస్తూ ఫోన్ చేసింది. "అక్కా, గర్భసంచిలో లైనింగ్ పెరగడం లేదంట, స్టెమ్ సెల్స్ వేయించుకోవాలంట, లక్ష పైన అవుతుందంట." ఆ సాయంత్రం తన ఫైలు ముందేసుకుని ఇద్దరం ఒక్కో కాగితం చూశాం. మీకూ ఇదే మాట చెప్పి ఉంటే, మేం చేసినట్టే చేయండి.

ముందు స్కాన్ కాగితాలు తీయండి. ఈటీ అని, అంటే లైనింగ్ (గర్భసంచి లోపొర) మందం అని, రాసి పక్కన మిల్లీమీటర్లలో ఒక అంకె ఉంటుంది. ఆ అంకె చూసి టెన్షన్ పడొద్దు, అది నెలసరి మొదలైన ఎన్నో రోజున తీసిన స్కానో చూడండి. రెండో రోజో మూడో రోజో 3, 4 మి.మీ. ఉండటం మామూలే, పాత పొర అప్పుడే రాలిపోతోంది కదా. అండం విడుదలయ్యే సమయానికి, లేదా మందులు వాడి పిండం పెట్టబోయే ముందు కూడా 7 మి.మీ. దాటకపోతే అప్పుడు పల్చన అంటారు. అలా ఉన్నా గర్భం నిలిచినవాళ్ళు లేకపోలేదు. మా చెల్లి ఫైల్లో నాలుగు స్కాన్లుంటే రెండింటి మీద రోజే రాయలేదు, మిగతా రెండూ 14వ రోజువి, 5.2, 5.6. అంటే తనకి పల్చనే, అనుమానం లేదు.

మరి ఎందుకు పెరగడం లేదు? మన చిత్తూరు వైపు చెరకు తోటలు చూసినవాళ్ళకి ఇది ఇట్టే అర్థమవుతుంది. చెరకు నరికాక నేలలో మోడు మిగులుతుంది, నీళ్ళు పెడితే దాన్నుంచే మళ్ళీ పిలకలొస్తాయి. గర్భసంచి లోపొర కూడా రెండు వరసలు. పైది నెలనెలా రాలిపోతుంది, అడుగుది కండరాన్ని పట్టుకుని ఉండిపోతుంది, మళ్ళీ పొర కట్టే మూలకణాలు, అంటే ఈ స్టెమ్ సెల్స్, ఎక్కువగా ఆ అడుగు వరసలోనే ఉంటాయి. ఒక ఆడమనిషి జీవితంలో ఈ పొర దాదాపు 400 సార్లు రాలి, మచ్చ పడకుండా మళ్ళీ పెరుగుతుంది, నాకైతే ఇది తలుచుకున్నప్పుడల్లా ఆశ్చర్యమే. ఇలాంటి కణాలు అక్కడున్నాయని 2004లో ఆస్ట్రేలియాలో కెరొలిన్ గార్గెట్ బృందం చూపించింది. పొరకి నీళ్ళ లాంటిది ఈస్ట్రోజెన్. మోడే లేచిపోతే ఎన్ని నీళ్ళు పెట్టి ఏం లాభం, అందుకే కొందరికి ఎన్ని మాత్రలు మింగినా లైనింగ్ కదలదు.

కాబట్టి రెండో పని, మోడుకి దెబ్బ ఎప్పుడు తగిలిందో వెతకడం. అబార్షన్ తర్వాతో కాన్పు తర్వాతో గర్భసంచి కడిగించారా, అదే డీ అండ్ సీ, ఏ నెలలో? అప్పట్నుంచి బ్లీడింగ్ తగ్గిందా? ఎప్పుడైనా టీబీ వచ్చిందా? మన దేశంలో గర్భసంచికి టీబీ పట్టడం అరుదేం కాదు, దగ్గు లేకుండా కూడా ఉండొచ్చు. మా చెల్లికి అబార్షనయ్యాక కడిగారు, ఆ తర్వాత నాలుగు రోజుల నెలసరి ఒక్కరోజు మరకగా మారింది, ఈ సంగతి తనని ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు. లోపల గోడలు అతుక్కుపోయాయేమో హిస్టరోస్కోపీలో, అంటే గర్భసంచిలోకి సన్నటి కెమెరా పంపి, చూసి, ఉంటే అక్కడే విడదీస్తారు. టీబీ అనుమానముంటే లోపొర ముక్క తీసి పరీక్షకి పంపమని అడగండి. ఇవేవీ చేయకుండా నేరుగా స్టెమ్ సెల్స్ దగ్గరికి వెళ్ళడం నాకు అస్సలు నచ్చలేదు.

అలాగని స్టెమ్ సెల్స్ ఒట్టి మాటలు కావు. ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్న ఆడవాళ్ళ లోపొరలో దాత కణాలు కనిపించాయని, అంటే మజ్జ నుంచి వచ్చిన కణాలూ ఆ పొరలో చేరగలవని, 2004లోనే అమెరికాలో హ్యూ టేలర్ రాశారు. అహ్మదాబాద్ డాక్టర్లు ఒకామెకి ఆమె సొంత మజ్జ కణాలే వాడిన సంగతి 2011లో అచ్చయింది. స్పెయిన్‌లో 16 మంది మీద చేసిన అధ్యయనం 2016లో వచ్చింది, చాలామందికి నెలసరి తిరిగొచ్చింది, కానీ పోల్చి చూడటానికి రెండో గుంపు లేదు. ఆశ ఉంది, రుజువు ఇంకా చాలదు. అందుకే మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి వైద్యం అనుమతి ఉన్న ట్రయల్‌లోనే, అంటే పరిశోధనలో భాగంగానే, జరగాలి, రోగి దగ్గర దానికి డబ్బు తీసుకోకూడదు.

మరి డాక్టరుగారి ముందు కూర్చున్నప్పుడు మొహమాటం లేకుండా అడగండి. కణాలు ఎక్కడ్నుంచి తీస్తారు సార్? ట్రయల్ నమోదు నంబరు, అదే సీటీఆర్ఐ నంబరు, ఎంత? ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం చూపిస్తారా? నంబరిస్తే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో ఉచితంగా చూసుకోవచ్చు. మీ రక్తం తీసి మెషీన్‌లో తిప్పి గర్భసంచిలో వేస్తామంటే అది పీఆర్‌పీ అయ్యుంటుంది, అంటే ప్లేట్‌లెట్లు, అవి కొత్త కణాలుగా మారవు, దాన్ని స్టెమ్ సెల్స్ అంటే ఒప్పుకోవద్దు. సంతకం పెట్టే కాగితం తెలుగులో అడగండి, ఒక కాపీ ఇంటికి తెచ్చుకోండి.

మా చెల్లి నంబరడిగితే "తర్వాత చెప్తాం" అన్నారు. తను డబ్బు కట్టలేదు. వెల్లూరు వెళ్ళి హిస్టరోస్కోపీ చేయించుకుంది, అతుకులు నిజంగానే ఉన్నాయి, విడదీశారు. ఇప్పుడు నెలసరి రెండు రోజులుంటోంది, తర్వాతి స్కాన్ 13వ రోజుకి పెట్టుకుంది. మీరూ వెల్లూరో చెన్నయ్యో రెండో అభిప్రాయానికి వెళ్తే హిస్టరోస్కోపీ ఫోటోలు, వీడియో పెన్‌డ్రైవ్‌లో అడిగి తీసుకెళ్ళండి, ఒట్టి రిపోర్టు చూసి లోపల ఎంత అతుక్కుందో చెప్పడం వాళ్ళకీ కష్టమే.