మూడో శీర్షం ఎక్కడికి పోయింది? ఫుట్‌బాల్ పాసుల రేఖాగణితాన్ని ఆచరణలో పెట్టే విధానం

పాసుల ఆట నేర్చుకోదలచిన జట్టు మొదట గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. బోర్డు మీద గీసిన బొమ్మలో ఆటగాళ్ళు నిలబెట్టిన చోటనే నిలబడతారు. ప్రత్యర్థులు కూడా ఎంతో మర్యాదస్తులై, బాణం గుర్తు తమ పక్కనుంచి దూసుకుపోతున్నా కాలు అడ్డం పెట్టరు. మైదానంలో ఈ రెండు సౌకర్యాలూ ఉండవు. అక్కడ ముగ్గురు ఆటగాళ్ళు కలిసి ఏర్పరచవలసిన పాసుల త్రిభుజంలో ఒక శీర్షం బూటు లేసు కట్టుకుంటూ ఉంటుంది, రెండో శీర్షం రిఫరీతో వాదిస్తూ ఉంటుంది, మూడో శీర్షం దగ్గర మాత్రమే బంతి ఉంటుంది. అటువంటి పరిస్థితిలో కూడా రేఖాగణితం చేత పని చేయించుకోవడం సాధ్యమే. అయితే అందుకు బంతి ఉన్నవాడికంటే లేనివాళ్ళే ఎక్కువ కష్టపడాలి.

ముందు స్థలం సంగతి

అంతర్జాతీయ పోటీలకు మైదానం పొడవు 100 నుంచి 110 మీటర్ల వరకు, వెడల్పు 64 నుంచి 75 మీటర్ల వరకు ఉండవచ్చు. పెద్ద పోటీలలో సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు గల మైదానాన్ని వాడతారు. దాని వైశాల్యం 7,140 చదరపు మీటర్లు. ఇరుజట్లలోని 22 మందికి సమానంగా పంచితే ఒక్కొక్కరి వాటాకు 320 చదరపు మీటర్ల పైచిలుకు నేల వస్తుంది. ఇంత ఆస్తి చేతిలో ఉంచుకుని కూడా కొత్తగా నేర్చుకునే జట్లు బంతి చుట్టూ పది మీటర్ల వలయంలోనే మూకుమ్మడిగా కాపురం పెట్టడం ఈ ఆటలోని పెద్ద వింత. కాబట్టి మొదటి అభ్యాసం తన్నడం కాదు, దూరంగా వెళ్ళడం. బంతి తమ జట్టు దగ్గర ఉన్నప్పుడు ఇద్దరు ఆటగాళ్ళు రెండు పక్క గీతలను దాదాపు ఆనుకుని నిలబడాలి. అక్కడ చాలాసేపు బంతి రాకపోయినా అలగకూడదు. వారు అంత దూరంలో నిలబడినందువల్లనే ప్రత్యర్థి డిఫెండర్లు ఎడంగా జరగవలసి వస్తుంది, ఆ ఎడంలోంచే మధ్యలో ఉన్నవారికి దారి దొరుకుతుంది.

త్రిభుజం గీయడం

పదకొండు మంది ఆటగాళ్ళను ఇద్దరిద్దరుగా కలిపితే 55 జతలు, ముగ్గురు ముగ్గురుగా కలిపితే 165 త్రిభుజాలు ఏర్పడతాయి. లెక్క ఘనంగానే ఉంది కానీ, అందులో చాలా భాగం కాగితానికే పనికివస్తాయి. గోల్ కీపరు, ఎడమ వింగరు, కుడి వింగరు కలిసి ఏర్పరిచే మహా త్రిభుజం చూడముచ్చటగా ఉన్నా దానితో ఆట నడవదు. నడిపించే త్రిభుజానికి ఒకే అర్హత కావాలి: బంతి ఉన్నవాడికి కనీసం రెండు దారులు కనిపించాలి, ఎదురుగా వస్తున్న ఒక్క డిఫెండరు ఆ రెండింటినీ ఒకేసారి మూయలేకుండా ఉండాలి. అది సమబాహు త్రిభుజమా, విషమబాహు త్రిభుజమా అన్న చర్చ మ్యాచ్ ముగిశాక పెట్టుకోవచ్చు.

ఇక్కడ అందరూ చేసే తప్పును కాస్త నిదానంగా చూడాలి. బంతికీ మనకూ మధ్య డిఫెండరు నిలబడి ఉన్నాడంటే, మనం అతడి నీడలో ఉన్నట్టు లెక్క. ఆ నీడలో నిలబడి రెండు చేతులూ పైకెత్తి "నేను ఖాళీ, నాకివ్వు" అని కేకలు వేసేవారు ప్రతి జట్టులోనూ ఉంటారు. శబ్దం డిఫెండరును దాటి వెళుతుంది, బంతి వెళ్ళదు. కేక వేయడానికి ఖర్చు చేసే శ్రమతో పక్కకు మూడడుగులు జరిగితే రేఖ తెరుచుకుంటుంది. డిఫెండరు కూడా ఆ మూడడుగులూ జరిగితే మరీ మంచిది, ఎందుకంటే అతడు వదిలిపెట్టిన చోటు ఇంకొకరికి ఉపయోగపడుతుంది. పాస్ గమ్యం సహచరుడి కాలే అయినా, దాని అసలు పని ప్రత్యర్థిని కదిలించడం. ఎవరినీ కదిలించని పాస్ ఎంత నున్నగా వెళ్ళినా అది వ్యాయామమే.

దూరం విషయంలో నా అభిప్రాయం ఇది: మామూలు పరిస్థితుల్లో శీర్షాల మధ్య ఎనిమిది నుంచి పదిహేను మీటర్లు ఉంటే చాలు. అంతకంటే దగ్గరైతే ఒక్క డిఫెండరే ఇద్దరినీ కనిపెట్టుకుని ఉండగలడు. అంతకంటే బాగా దూరమైతే బంతీ, దానితోపాటు ప్రత్యర్థీ ఒకేసారి వచ్చి చేరతారు. దీన్ని సాధన చేయడానికి రొండోను మించిన పద్ధతి లేదు. ఎనిమిది పది మీటర్ల భుజం గల చతురస్రంలో నలుగురు బయటి అంచుల మీద, ఒకరు లేదా ఇద్దరు లోపల నిలబడి, బయటివారు ఒకటి రెండు తాకుళ్ళలోనే బంతిని తిప్పుతూ ఉంటే లోపలివారు దాన్ని అందుకోవడానికి ప్రయత్నిస్తారు. పోగొట్టుకున్నవాడు లోపలికి వెళ్ళాలి. ఎవరి తప్పువల్ల బంతి పోయిందో తేల్చుకోవడానికే సాధన సమయంలో సగం గడిచిపోతుంది కనుక ఆ తీర్పు చెప్పే అధికారాన్ని ముందే ఒకరికి అప్పగించడం మేలు.

కర్ణం గొప్పతనం

నిలువుగా ఇచ్చిన పాస్‌ను అందుకునేవాడు చాలాసార్లు గోల్‌కు వీపు పెట్టి నిలబడి ఉంటాడు. తన వెనుక ఎవరు వస్తున్నారో అతడికి తాకిడి తగిలాకే తెలుస్తుంది. అడ్డంగా ఇచ్చిన పాస్ మధ్యలో తెగితే ఇచ్చినవాడూ అందుకోవలసినవాడూ ఇద్దరూ ఒకే గీత మీద చిక్కుకుపోయి, ప్రత్యర్థి ముందుకు పరుగెత్తుతుంటే వెనుకనుంచి చూస్తూ ఉండిపోతారు. ఈ రెండు కష్టాలకూ మందు ఏటవాలు పాస్. ముందుకు 12 మీటర్లు, పక్కకు 9 మీటర్లు పంపవలసిన బంతిని రెండు పాసులలో పంపితే అది 21 మీటర్లు దొర్లాలి. కర్ణం మీదుగా ఒకే పాస్‌లో పంపితే పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 15 మీటర్లే. ఆదా అయిన ఆరు మీటర్లకంటే విలువైనది ఇంకొకటి ఉంది: అందుకునేవాడు సగం తిరిగి నిలబడగలడు, కాబట్టి వచ్చే బంతీ వెళ్ళవలసిన గోల్ వైపూ ఒకే చూపులో కనిపిస్తాయి. అతడు బంతిని తనకు దగ్గరగా ఉన్న కాలితో కాక అవతలి కాలితో ఆపుకుంటే, ఆపడమూ తిరగడమూ ఒకే పని అయిపోతుంది.

పాస్ ఇవ్వడం మొదటినుంచీ గౌరవప్రదమైన పనేమీ కాదు. 1872 నవంబరు 30న గ్లాస్గోలో స్కాట్లండ్, ఇంగ్లండ్ జట్ల మధ్య జరిగిన తొలి అధికారిక అంతర్జాతీయ మ్యాచ్ నాటికి ఇంగ్లండ్‌లో బంతి దొరికినవాడు దాన్ని తానే నడుపుకుంటూ పోవడం రివాజు. ఆ రోజు స్కాట్లండ్ తరఫున ఆడినవారంతా క్వీన్స్ పార్క్ అనే ఒకే క్లబ్బుకు చెందినవారు. ఇంగ్లిష్ ఆటగాళ్ళకంటే తేలికైనవారు కావడంతో ఢీకొనడానికి బదులు బంతిని ఒకరికొకరు అందించుకున్నారు. ఫలితం 0-0. ఆ విధంగా దేశాల మధ్య జరిగిన మొట్టమొదటి రేఖాగణిత ప్రదర్శన సున్నా దగ్గరే ఆగిపోయింది.

గోడ, మూడో మనిషి

వన్-టూ అనే పాస్ అందరికీ తెలిసినదే: బంతిని సహచరుడికి ఇచ్చి, డిఫెండరు వెనుకకు పరుగెత్తి, అతడినుంచి వెంటనే తిరిగి తీసుకోవాలి. సహచరుడు ఇక్కడ గోడ వంటివాడు, పతన కోణమూ పరావర్తన కోణమూ సమానంగా ఉండవలసిన అవసరం లేని గోడ. ఇందులో చెడేది ఎప్పుడూ గోడ కాదు. ఇచ్చినవాడు తన పాస్ ఎంత చక్కగా వెళ్ళిందో చూస్తూ ఉన్నచోటనే నిలబడిపోవడం.

దీనికంటే లోతైనది మూడో మనిషి పద్ధతి. మొదటివాడు మూడోవాడికి నేరుగా ఇవ్వలేడు, ఎందుకంటే దారిలో డిఫెండరున్నాడు. అందువల్ల అతడు రెండోవాడికి ఇస్తాడు, అందరి కళ్ళూ అటు తిరుగుతాయి, ఆ క్షణానికే పరుగు మొదలుపెట్టిన మూడోవాడికి రెండోవాడు ఒకే తాకుడులో అందిస్తాడు. ఈ పద్ధతి ఫలించాలంటే మూడోవాడు బంతి తనకు వస్తుందని నమ్మి, ఇంకా రాకముందే కదలాలి. పదిసార్లు పరుగెత్తితే ఏడెనిమిది సార్లు బంతి రాదు. అప్పుడు మౌనంగా వెనక్కి నడిచి రావడం కూడా ఈ కళలో భాగమే.

2006 ప్రపంచకప్‌లో, జూన్ 16న గెల్సెన్‌కిర్షెన్‌లో సెర్బియా మాంటెనెగ్రో మీద అర్జెంటీనా సాధించిన రెండో గోల్ చూస్తే ఇదంతా ఒకేచోట కనిపిస్తుంది. ఇరవైకి పైగా పాసులు తీరికగా అటూ ఇటూ తిరిగాక, ఎస్తెబాన్ కాంబియాస్సో పెనాల్టీ ప్రాంతంలో హెర్నాన్ క్రెస్పోకు బంతి ఇచ్చి ముందుకు కదిలాడు. క్రెస్పో వెనుదిరిగి చూడకుండానే మడమతో దాన్ని తిరిగి అందించాడు. కాంబియాస్సో గోల్ కొట్టాడు. మొదటి ఇరవై పాసులూ ప్రత్యర్థులకు నిద్ర తెప్పించాయి, చివరి రెండూ పని పూర్తి చేశాయి. ఆ మ్యాచ్‌ను అర్జెంటీనా 6-0తో గెలిచింది.

ప్రత్యర్థి గీసే గీత

మైదానంలోని గీతలన్నీ సున్నంతోనో రంగుతోనో వేసినవే, ఒక్క ఆఫ్‌సైడ్ గీత తప్ప. బంతి అందుకోబోయే దాడి ఆటగాడు, పాస్ బయలుదేరే క్షణానికి దాటి ఉండకూడని గీత అది. దాన్ని డిఫెండర్లు నడుస్తూ గీస్తారు, నడుస్తూనే చెరిపేస్తారు. దాడి చేసేవాడికీ గోల్ లైన్‌కూ మధ్య కనీసం ముగ్గురు ప్రత్యర్థులు ఉండాలన్న నిబంధనను 1925లో ఇద్దరికి తగ్గించారు. చివరినుంచి రెండో ప్రత్యర్థితో సమానంగా నిలబడినా తప్పు కాదని 1990లో మార్చారు. చూడవలసింది బంతి చేరిన క్షణం కాదు, బంతిని తన్నిన క్షణం. అందుచేత ఫార్వర్డు ముందుగా ఆ గీతకు సమాంతరంగా పరుగెత్తి, పాస్ బయలుదేరాక మాత్రమే గోల్ వైపు వంగాలి. పాస్ నిలువుగా వస్తే పరుగు ఏటవాలుగా ఉండాలి. పాస్ ఏటవాలుగా వస్తే పరుగు నిలువుగా ఉండాలి. రెండూ నిలువైతే బంతి గోల్ కీపరు ఒడిలోకి చేరుతుంది. త్రో ఇన్, గోల్ కిక్, కార్నర్ కిక్‌లనుంచి నేరుగా అందుకున్నప్పుడు ఆఫ్‌సైడ్ లేదు. ఇక జెండా ఎత్తిన సహాయక రిఫరీని తిట్టేవారు గమనించవలసింది ఏమిటంటే, చూడవచ్చిన వేలమంది ప్రేక్షకుల్లో ఆ ఆఫ్‌సైడ్ గీతకు సరిగ్గా ఎదురుగా కూర్చున్నవారు దాదాపు ఎవరూ ఉండరు.

ఎన్ని పాసులైతే సరి?

1950లో స్విండన్ జట్టు ఆడుతున్న మ్యాచ్‌లో కాగితం, పెన్సిలు పట్టుకుని పాసులు లెక్కించడం మొదలుపెట్టిన చార్ల్స్ రీప్ అనే వైమానిక దళ అధికారి, అత్యధిక గోల్స్ మూడు లేదా అంతకంటే తక్కువ పాసులతోనే వస్తున్నాయని తేల్చాడు. లెక్క తప్పు కాదు, కానీ బంతి మూడు పాసులు దాటి ఒకే జట్టు దగ్గర నిలవడమే అరుదన్న సంగతిని అతడు తగినంతగా పట్టించుకోలేదు. అలాగని ఎక్కువ పాసులు ఇచ్చినవారిదే విజయమనుకుంటే 2018 ప్రపంచకప్‌లో రష్యా మీద స్పెయిన్ ఆడిన మ్యాచ్ అడ్డం వస్తుంది. ఆ మ్యాచ్‌లో స్పెయిన్ వెయ్యికి పైగా పాసులు ఇచ్చింది. ఎడమనుంచి వెనక్కి, వెనుకనుంచి కుడికి, మళ్ళీ వెనక్కి, మళ్ళీ ఎడమకు బంతి తిరుగుతూనే ఉంది. స్పెయిన్ ఖాతాలో చేరిన ఒకే ఒక గోల్‌ను కూడా రష్యా ఆటగాడు ఇగ్నాషెవిచ్ తన గోల్‌లోకి తానే పంపాడు. కొండను తవ్వి ఎలుకను పట్టారనడానికి కూడా వీల్లేదు, ఎందుకంటే ఆ ఎలుకను పట్టి ఇచ్చింది ఎదుటివారే. చివరికి 1-1తో సమమై, పెనాల్టీలలో రష్యా గెలిచింది.

అయితే అదే స్పెయిన్ 2010లో మొత్తం ఏడు మ్యాచ్‌లలో ఎనిమిది గోల్స్ మాత్రమే కొట్టి, నాకౌట్ దశలోని నాలుగు మ్యాచ్‌లనూ 1-0తోనే గెలిచి ప్రపంచ విజేత అయింది. అక్కడ పాసులు దాడికంటే రక్షణకే ఎక్కువ ఉపయోగపడ్డాయి. బంతి లేనివాడు గోల్ కొట్టలేడు కదా. కాబట్టి సంఖ్యను వదిలేసి ఒకే ప్రశ్న వేసుకోవాలి: గత ఐదు పాసులలో ప్రత్యర్థి డిఫెండరు ఒక్కడైనా తన చోటునుంచి కదిలాడా? కదలకపోతే ఆరో పాస్ అదే వేగంతో, అదే దిశలో ఇవ్వకూడదు. ఒకవైపు నలుగురైదుగురిని ఆకర్షించాక అవతలి పక్కకు పొడవైన పాస్ ఇవ్వడం దీనికి చక్కని విరుగుడు. ఎవరినీ ఆకర్షించకుండా మొదటి నిమిషంలోనే అటువంటి పాస్ ఇవ్వడం నేల విడిచి సాము చేయడమే.

గోల్ దగ్గర కోణం

గోల్ వెడల్పు 7.32 మీటర్లు. 11 మీటర్ల దూరంలోని పెనాల్టీ గుర్తు దగ్గరనుంచి చూస్తే రెండు గోల్‌పోస్టుల మధ్య దాదాపు 37 డిగ్రీల కోణం కనిపిస్తుంది. 30 మీటర్ల దూరంనుంచి ఎదురుగా చూస్తే అది 14 డిగ్రీలకు కుంచించుకుపోతుంది. పక్కనుంచి పరుగెత్తుకుంటూ గోల్ లైన్ మీదకు చేరినవాడికి అది సున్నా. బంతిని గాలిలో మెలితిప్పగల ఘనులను మినహాయిస్తే, సున్నా కోణంనుంచి కొట్టడం ఆశావాదమే తప్ప ప్రయత్నం కాదు. అక్కడికి చేరినవాడు తలెత్తి, బంతిని వెనక్కి, పెనాల్టీ గుర్తు వైపు నేలబారుగా పంపాలి. అందుకునేవాడు బంతికి వెనుక ఉన్నంతవరకు ఆఫ్‌సైడ్ కాడు. డిఫెండర్లు తమ గోల్ వైపు ముఖం పెట్టి పరుగెత్తుతూ ఉంటారు కనుక తమ వెనుక ఎవరు ఆగారో చూడలేరు. పంపినవాడికి సున్నాగా ఉన్న కోణం అందుకున్నవాడికి 37 డిగ్రీలవుతుంది. ఆ చోట ఒకరు ఆగి ఉండేలా చూసుకోవడమే మిగిలిన పని. సాధారణంగా ముగ్గురూ గోల్‌పోస్టు దాకా పరుగెత్తి ఒకరినొకరు ఢీకొంటారు కాబట్టి, ఎవరు ఆగాలో మ్యాచ్‌కు ముందే పేరు పెట్టి చెప్పాలి.

ఇంత చేసినా బంతి పోతుంది. పోయిన క్షణంలో దగ్గరలో ఉన్న ముగ్గురూ ఇంకా త్రిభుజంలోనే ఉంటారు. ఒకరు బంతి మీదకు, తక్కిన ఇద్దరూ బంతి దొరికిన ప్రత్యర్థి ఇవ్వగల రెండు పాసుల దారుల మీదకు వెళితే, అదే త్రిభుజం లోపలి వైపుకు మూసుకుంటుంది. ఆ మొదటి నాలుగైదు సెకన్లలో దొరకకపోతే వెంటపడడం మాని వెనక్కి వచ్చి వరుసలో నిలబడాలి. ఎవరివల్ల పోయిందన్న విచారణను విరామ సమయానికి వాయిదా వేయాలి.