పాత కారుకు సీటు బెల్టు: ముందు రేకును పరీక్షించండి

కోనసీమలోనూ, భీమవరం, తణుకు ప్రాంతాల్లోనూ తాతల నాటి అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు ఇంకా కొన్ని ఇళ్లలో పదిలంగా ఉన్నాయి. పెళ్లిళ్లకూ, సంక్రాంతికీ వాటిని తుడిచి బయటికి తీస్తారు. కార్ల ముందు సీట్లకు తయారీదారులు బెల్టులు అమర్చి తీరాలన్న నిబంధన మన దేశంలో 1994లో గాని అమలుకు రాలేదు కాబట్టి వీటిలో చాలా వాటికి బెల్టులు లేవు. ఒకప్పుడు ఎడ్లబండ్ల మధ్య నెమ్మదిగా నడిచిన కారు ఇప్పుడు రావులపాలెం దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి ఎక్కి లారీల మధ్య పోవలసి వస్తోంది కనుక, బెల్టు వేయించాలన్న ఆలోచన సరైనదే. అయితే చాలామంది ముందుగా బెల్టు కొంటారు. ముందుగా చూడవలసింది ఆ బెల్టును పట్టి ఉంచే రేకును.

కారణం లెక్కలోనే ఉంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే కారు గుద్దుకున్నప్పుడు అందులోని 60 కిలోల మనిషి అర మీటరు దూరంలో ఆగాలంటే, అతణ్ణి పట్టి ఆపడానికి సగటున సుమారు 1,180 కిలోల బరువుకు సమానమైన బలం కావాలి. అంటే 75 కిలోల ధాన్యం బస్తాలు పదిహేను పైచిలుకు ఒక్క క్షణం బెల్టును రేకుకు బిగించే మూడు బోల్టులకు వేలాడినట్లు. తుప్పు తిన్న రేకుకు వాచరు వేసి బోల్టు బిగిస్తే, ఆ బోల్టు వాచరుతో సహా రేకును చీల్చుకుని వచ్చేస్తుంది.

డెల్టాలో తుప్పు సంగతి వేరుగా చెప్పాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి సరే, తీరానికి దూరంగా ఉన్న ఊళ్లలో కూడా తేమ ఏడాది పొడవునా వదలదు. 1986 గోదావరి వరదలోనో, 1996 నవంబరు తుపానులోనో నీట నానిన కారైతే, పైన రంగు ఎంత నిగనిగలాడినా అనుమానించవలసిందే. సీట్లు తీసి, కింద పరచిన మ్యాట్లన్నీ ఎత్తి, తలుపుల కింది పెట్టె భాగాలనూ, ఫ్లోరు అంచులనూ, ముందు వెనక తలుపుల మధ్య స్తంభం మొదలునూ స్క్రూడ్రైవరు పిడితో తట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది, పుచ్చిన రేకు మొద్దుగా పలుకుతుంది. అయస్కాంతం అంటని చోట టింకరింగ్ మేస్త్రి ఎప్పుడో పుట్టీ మెత్తాడని అర్థం. (పాత కారు కొనేటప్పుడు అయస్కాంతం జేబులో పెట్టుకుని వెళ్లడం అమ్మేవారికి నచ్చదు, అయినా తీసుకువెళ్లండి.) పుచ్చిన భాగాన్ని కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించేదాకా బెల్టు మాట ఎత్తవద్దు. వెల్డింగుకు ముందు బ్యాటరీ కనెక్షను తీసివేయాలి. పెట్రోలు ట్యాంకు దగ్గర పని అయితే ట్యాంకును దింపించాలి.

అంబాసిడర్ యజమానికి ఒక సౌకర్యం ఉంది. 2014 వరకు తయారైన ఆ కారు ఆకారం మొదటినుంచీ పెద్దగా మారలేదు కాబట్టి, 1994 తర్వాతి బండిని పక్కన పెట్టి, దానికి కర్మాగారంలో బెల్టు ఎక్కడ బిగించారో కొలుచుకోవచ్చు. భుజం వైపు బిగింపు, కూర్చున్న మనిషి భుజం ఎత్తులో గాని అంతకు పైన గాని ఉండాలి. కిందికి ఉంటే బెల్టు బిగిసినప్పుడు భుజాన్ని కిందికి లాగి వెన్నెముకను నలుపుతుంది. నడుము పట్టీ పొట్ట మీద కాక తుంటి ఎముకల మీద కూర్చోవాలి, అందుకు పక్కనుంచి చూస్తే అది నేలకు 45 నుంచి 60 డిగ్రీల వాలుతో కిందికి, వెనక్కి దిగాలి. బెల్టును సీటు చట్రానికి మాత్రం బిగించకండి, ఆ సీటును పట్టి ఉంచే బోల్టులు అంత బరువుకు చేసినవి కావు. చెక్క చట్రం మీద కట్టిన ఇంకా పాత బండ్లలో బిగింపు చెక్కకు కాక కింది ఇనుప చాసిస్‌కు చేరాలి.

బెల్టు కొత్తదే కొనండి. పాత సామాన్ల దుకాణంలో దొరికే బెల్టు ఏ ప్రమాదంలో సాగిందో చూపుకు తెలియదు. 1959లో వోల్వో ఇంజనీరు నిల్స్ బోలిన్ రూపొందించిన మూడు బిగింపుల బెల్టు ఉత్తమం. నడుము పట్టీ ఒక్కటే ఉంటే పై శరీరం ముందుకు వంగి తల స్టీరింగుకు తగులుతుంది, పాత కార్ల స్టీరింగు కడ్డీ ముడుచుకోని గట్టి ఇనుము. చుట్టుకునే రీలు ఉన్న రకమైతే తయారీదారు చెప్పిన కోణంలోనే నిలబెట్టాలి, పక్కకు వాలితే లోపలి తాళం ఊరికే పడిపోతుంది. మధ్య స్తంభంలో చోటు చాలకపోతే చేత్తో సవరించుకునే రీలు లేని బెల్టు వేయించండి.

బోల్టు 7/16 అంగుళాల సన్నమర గట్టి ఉక్కుదై ఉండాలి, దాన్ని బెల్టుతోపాటే ఇస్తారు. రేకు వెనక సుమారు 3 మిల్లీమీటర్ల మందం, మూడంగుళాల చదరం గల ఉక్కు పలకను, మూలలు గుండ్రంగా అరగదీసి, అమర్చాలి. రంధ్రం వేసే ముందు కింద బ్రేకు పైపు, పెట్రోలు పైపు, వైర్లు ఏ దారిన పోతున్నాయో వంగి చూడండి. కోసిన ప్రతి అంచుకూ రెడ్ ఆక్సైడు పూయించాలి. బిగించాక బోల్టు మీద బెల్టు కొస సులువుగా తిరగాలి.

2021లో వచ్చిన నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన కారును వింటేజ్ వాహనంగా నమోదు చేయించాలనుకుంటే, చాసిస్‌లోనూ బాడీలోనూ మార్పులు ఉండకూడదు. కాబట్టి రంధ్రం వేయకముందే రవాణా కార్యాలయంలో లిఖితపూర్వకంగా అడగండి.

కాలువ గట్ల మీద నడిపే మనవాళ్లలో ఒక భయం ఉంది: కారు కాలువలో పడితే బెల్టు విప్పుకోలేమని. నిజానికి బెల్టు లేక, నీటిని తాకేసరికే తల తగిలి స్పృహ తప్పినవాడు తలుపు తీయలేడు, స్పృహతో ఉన్నవాడు మీట నొక్కి బయటపడగలడు. అయినా బెల్టు కోసే చిన్న కత్తిని చేతికందే చోట పెట్టుకోవడం మంచిదే.

ఏటా వానలు వెలిసి, దీపావళికి కారు కడిగే రోజున మ్యాట్లు ఎత్తి పలకల అంచులు చూడండి. ఎర్రటి చార కారితే బోల్టు విప్పి రేకును మళ్లీ తట్టి చూడాలి.