పాత బంగారం అమ్మేటప్పుడు క్యాలిక్యులేటర్ మీద ఓ కన్నేసి ఉంచండి

మా అత్తయ్యగారి రాళ్ళ నెక్లెస్ బీరువాలో ఊరికే పడుందని అమ్ముదామని బయల్దేరాం, విజయవాడలో గవర్నర్‌పేట నుంచి వన్‌టౌన్ దాకా మూడు షాపులు తిరిగితే బోర్డు మీద రేటు అన్నిచోట్లా ఒకటే, ఇస్తామన్న డబ్బు మాత్రం మూడు రకాలు.

ముందు ఇంట్లోనే ఫోన్ కెమెరా జూమ్ చేసి కొక్కెం దగ్గర ముద్ర చూడండి. 916 అంటే 22 క్యారెట్, 750 అంటే 18. ఒక్కో నగకి విడిగా ఇచ్చే, అంకెలూ అక్షరాలూ కలిపి ఆరుండే హెచ్‌యూఐడీ నంబర్ కూడా ఉంటే, హాల్‌మార్క్ చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూస్కోవచ్చు. అది షాపులకి తప్పనిసరి అయింది 2023 ఏప్రిల్ నుంచే కాబట్టి అమ్మమ్మల నాటి నగలకి లేకపోతే కంగారేం లేదు. కేడీఎం అనే మాట మాత్రం నమ్ముకోకండి, అది అతుకు వేసిన పద్ధతి అంతే, ప్యూరిటీకి గుర్తు కాదు.

ముద్ర లేకపోతే షాపుకన్నా ముందు హాల్‌మార్కింగ్ సెంటర్‌కెళ్ళి టెస్ట్ చేయించండి, కాగితం చేతిలో ఉంటే మాట్లాడే తీరే మారిపోతుంది. షాపులో మెషీన్ పైపైనే చూస్తుంది, లోపలేముందో కరిగిస్తేనే ఖచ్చితంగా తెలిసేది, కానీ కరిగించాక రేటు నచ్చకపోతే మీకు తిరిగొచ్చేది నగ కాదు ముద్ద, అందుకే లెక్క మొత్తం ముందే మాట్లాడుకుని మీ కళ్ళెదుటే కరిగించమనండి. రాళ్ళు, లక్క, నల్లపూసలు తీయించి తూకం వేయించండి, తీసిన కెంపులు అడిగి తెచ్చుకోండి, అడక్కపోతే ఎవరూ ఇవ్వరు.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగు కాసులు, అంటే 32 గ్రాములు తూగింది, ప్యూరిటీ 88 శాతం వచ్చిందనుకోండి, అందులో మేలిమి బంగారం 28.16 గ్రాములు. దీన్ని 24 క్యారెట్, అంటే మేలిమి రేటుతోనే గుణించాలి. కొందరు 22 క్యారెట్ రేటుతో కొడతారు, అంటే ఒకే కల్తీకి రెండుసార్లు కోత, రెండు గ్రాములకి పైనే పోయినట్టు! మాకు ఒక షాపులో ఇదే చేశారు, గట్టిగా అడిగితే ఆ అబ్బాయి కిక్కురుమనకుండా మళ్ళీ కొట్టాడు. ఆపైన తరుగు అని ఇంకొంత శాతం తీస్తారు, అదెంతో కూడా ముందే కాగితం మీద రాయించుకోండి.

పాన్, ఆధార్ పట్టుకెళ్ళండి. 2 లక్షలు, ఆపైన క్యాష్ తీసుకోకూడదు, అకౌంట్‌లో వేయించుకోవాలి. నగ తాలూకు పాత బిల్లు ఉంటే పారేయకండి, లాభం మీద ట్యాక్స్ లెక్కేసేటప్పుడు ఆడిటర్ మొదట అడిగేది అదే.