ఇంగ్లీష్ హోంవర్క్: పుస్తకం మూసి రాయించండి

ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీష్ హోంవర్క్ అంటే చాలా ఇళ్లలో గైడు చూసి దించేయడమే. చెయ్యి నొప్పి పుట్టడం తప్ప ఒరిగేదేం లేదు. దాని బదులు, ఆ రోజు చెప్పిన పాఠంలో ఒక్క పేరా రెండుసార్లు గట్టిగా చదివించి, పుస్తకం మూయించి, గుర్తున్నది నాలుగు వాక్యాల్లో రాయమనండి. తర్వాత పుస్తకం తెరిచి పిల్లలే పెన్సిల్‌తో సరిచూసుకోవాలి.

ఎక్కువగా ఎగిరిపోయేవి 'ఎ', 'యాన్', 'ద'. తెలుగులో ఆర్టికల్స్ లేవు కదా, అది మామూలే, తిట్టకండి. రోజుకు ఒక రకం తప్పే చూడండి: ఇవాళ ఆర్టికల్స్, రేపు 'హి', 'షి' తర్వాత క్రియకు చేరే 'ఎస్'. అన్నీ ఒకేసారి ఎర్ర పెన్నుతో దిద్దితే నోట్‌బుక్కే దాచేస్తారు. మీకు ఇంగ్లీష్ అంతగా రాకపోయినా టెన్షన్ వద్దు, పోల్చి చూడటానికి పుస్తకం ఉందిగా.