పందెం బరివైపు కాళ్లు పోకుండా

సంక్రాంతి మూడు రోజులూ భీమవరం చుట్టుపక్కల కోడిపందేలు. "ఊరికే చూసొద్దాం" అన్న మాట దగ్గరే మాలాంటి కతోలికులకు శోధన, అంటే పందెం కాయాలన్న ప్రలోభం, మొదలవుతుంది. బరి గట్టున నిలబడి జపం చేస్తే మనసు నిలవదు, నాకు నిలవలేదు. పాపానికి దారితీసే చోటికే వెళ్లకూడదు. భోగికి ముందే డబ్బు ఇంట్లోవాళ్ల చేతికిచ్చేయాలి, ఫోన్‌లో చెల్లింపు యాప్ తీసేయాలి.

మనసు లాగిన క్షణమే సిలువ గుర్తు, ఒక పరలోక జపం ("పరలోకమందున్న మా తండ్రీ"), 3 మంగళవార్త జపాలు (మరియమాతకు చేసే జపం). ఇంకా లాగితే 5 దేవరహస్యాల జపమాల (పూసలు లెక్కిస్తూ చేసే మరియమాత జపం), నడుస్తూ, కాలువగట్టు మీద బరికి ఎదురు దిక్కున. సుమారు 20 నిమిషాలు. నాకైతే ఆ లోపే ఉధృతి తగ్గేది.

పడిపోతే? సిగ్గుతో గుడిలో దివ్యపూజ మానకండి, అదే అసలు ప్రమాదం. ఆ వారమే పాపసంకీర్తనానికి (పాపాలు ఒప్పుకోవడానికి) వెళ్లి, ఎన్నిసార్లు పందెం ఆడారో దాచకుండా గురువుతో (ఫాదర్‌తో) చెప్పండి.