పీఈఐ ట్రాన్స్‌ఫెక్షన్: మొన్న మెరిసిన సెల్స్ ఇవాళ చచ్చిపోతే

సమస్య: ట్రాన్స్‌ఫెక్షన్ అంటే సెల్స్‌లోకి బయటి డీఎన్‌ఏను పంపడం. జీఎఫ్‌పీ (ఆకుపచ్చగా మెరిసే ప్రోటీన్) జన్యువున్న ప్లాస్మిడ్‌ను, అంటే గుండ్రటి డీఎన్‌ఏను, పాలీఇథిలీన్‌ఇమైన్ అనే పాలీమర్‌తో, అదే పీఈఐతో, కలిపి సెల్స్‌కి ఇచ్చారు. మొన్న బాగా మెరిశాయి. ఇవాళ అదే ప్రోటోకాల్‌తో సగం చచ్చాయి, మిగిలినవి మెరవలేదు. పాలీమర్ మార్చేద్దామని అప్పుడే మొదలుపెట్టకండి.

ముందు లెక్క చూడండి. 1 మైక్రోగ్రాము డీఎన్‌ఏలో సుమారు 3 నానోమోల్స్ ఫాస్ఫేట్ ఉంటుంది. ఎన్/పీ 10 (అంటే డీఎన్‌ఏలోని ఒక్కో ఫాస్ఫేట్‌కి పీఈఐలో పది నైట్రోజన్లు) కావాలంటే 1.3 మైక్రోగ్రాముల పీఈఐ చాలు. మీ సీసాలో ఉన్నది హైడ్రోక్లోరైడ్ లవణమైతే ఒక్కో నైట్రోజన్‌కి బరువు 43 కాదు, 79.5. అప్పుడు 2.4 మైక్రోగ్రాములు కావాలి. లేబుల్ చదవకుండానే నా దగ్గరికి వచ్చేవాళ్ళు ఎందరో! డీఎన్‌ఏ లేకుండా ఒట్టి పీఈఐ వేసిన వెల్ (ప్లేట్‌లోని చిన్న గుంట) కూడా ఒకటి పెట్టండి. అందులోనూ సెల్స్ చస్తుంటే పీఈఐ ఎక్కువై ఉండొచ్చు.

లెక్క సరిపోయిందా? అయితే గడియారాన్ని అనుమానించండి. నన్ను నెలల తరబడి తిప్పింది ఇదే. ఒకసారి 24 వెల్స్ ప్లేట్‌లో మొదటి వరస ఆకుపచ్చగా మెరిసింది. చివరి వరసలో మాత్రం సెల్స్ మీద ఇసుక చల్లినట్టు నల్లటి గింజలు. అన్నిటికీ వేసింది ఒకే ట్యూబులోని మిశ్రమం. కలిపిన పది నిమిషాలకు మొదటి వెల్‌లో పడింది, మధ్యలో ఫోన్ రావడంతో చివరి దాంట్లో పడేసరికి ముప్పావుగంట అయింది. 150 మిల్లీమోలార్ ఉప్పు ద్రావణంలో పీఈఐ, డీఎన్‌ఏ కలిసి ఏర్పడిన రేణువుల మీది ఛార్జి ఒకదాన్నొకటి నెట్టుకునేంత బలంగా ఉండదు. అవి అంటుకుంటూ, 100 నానోమీటర్ల దగ్గర మొదలై మైక్రాన్ దాకా పెరుగుతాయి. మనమేమో సైజు నీళ్ళలో కొలిచి ‘బాగుంది’ అని రాసుకుంటాం. ఇంకో మోసం కూడా ఉంది. ఓ మోస్తరు పెద్ద రేణువులు త్వరగా సెల్స్ మీదికి దిగుతాయి కాబట్టి ప్లేట్‌లో ఫలితం ఇంకా బాగా కనిపిస్తుంది. అదే మిశ్రమాన్ని ఎలుక రక్తనాళంలోకి ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో ఇరుక్కోవచ్చు.

పరిష్కారం: ఉప్పు లేని 5 శాతం గ్లూకోజ్‌లో కలపండి. ఒకేసారి అంతా కాకుండా నాలుగైదు వెల్స్‌కి సరిపడా కలిపి, టైమర్ పెట్టండి. డీఎల్‌ఎస్‌లో (కాంతి చెదరడాన్ని బట్టి రేణువుల సైజు చెప్పే పరికరంలో) 0, 10, 30 నిమిషాలకు సైజు కొలవండి, మీరు వాడే ద్రావణంలోనే. రేణువులకు పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే పాలీమర్) తగిలిస్తే గడ్డకట్టడం తగ్గుతుంది, కానీ సెల్స్ లోపలికి తీసుకోవడమూ తగ్గుతుంది. 25 కిలోడాల్టన్ పీఈఐ విషమే అసలు ఇబ్బందైతే, పొట్టి గొలుసులను డైసల్ఫైడ్ బంధాలతో కలిపినవి చూడండి. సెల్ లోపలి గ్లూటాథియోన్ అనే చిన్న అణువు ఆ బంధాలను తెంపేస్తుంది.

మైకోప్లాస్మా (సెల్స్‌కి సోకే బ్యాక్టీరియా), ఎండోటాక్సిన్ (ప్లాస్మిడ్‌తో పాటు వచ్చే బ్యాక్టీరియా విషం) అంటారా, ఒకసారి టెస్ట్ చేయించి పక్కన పెట్టండి.